ఇల్లు చూపుట - ఇల్లమ్ముట

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. ఆ రెండు కార్యములలోని కష్టమును అనుభవించినవారే ఆ మాట పలికియుందురు. కట్టిన ఇంటిని అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పరైరి. ఆ కాలమున ఇల్లమ్ముట అరుదు. అమ్మవలసి వచ్చినను కొనువాడు ప్రక్క వీథివాడే యగుటచే వానికి ఇంటిని ప్రత్యేకించి చూపవలసిన పని లేకుండెను. వాడు ఆ ఇంటి పెండ్లిండ్లలో భోజనము చేసినవాడే, ఆ నూతి నీరు త్రాగినవాడే. నేడు కొనువాడెవడో, ఏ దేశమున నున్నాడో తెలియదు. కావున ఇల్లు చూపుట యనునది ఒక విద్యయైనది. ఆ విద్యలోని భారము తఱచుగా మన స్త్రీలమీదనే పడుచున్నది గనుక, నేను కన్నదియు, విన్నదియు, చదివినదియు సోదరీమణులకు నివేదింప దలచితిని.

ఒక ముదుసలి యిల్లాలి సంగతి

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ, లాల్‌దర్వాజ, గౌలిపుర, ఛత్రినాక, ఉప్పుగూడ మొదలగు పేటలయందు తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. పిల్లలు చదువుకొని కొందఱు నగరములోని క్రొత్త పేటలకును, కొందఱు అమెరికాకును, దుబాయికిని పోయిరి. పెద్ద యిండ్లలో ముసలివారు మిగిలిరి. గౌలిపుర సమీపమున నొక సందులో మాకు చిరపరిచితురాలగు ఒక వృద్ధురాలు అట్లే మిగిలిరి. మేమామెను పెద్దమ్మగారని పిలుతుము. భర్త గతించి అయిదేండ్లయ్యెను. కుమారుడు న్యూజెర్సీలోను, కుమార్తె కరీంనగరములోను ఉన్నారు. మోకాళ్ల నొప్పిచే ఇంత యింటిని ఊడ్చుకొనలేక, ఇల్లమ్మి కుమార్తెకడ నుండుటకు పెద్దమ్మగారు నిశ్చయించుకొనిరి. ఆమెకు మిగిలిన ఆస్తియెల్ల ఆ ఇల్లే.

అది డెబ్బదియేండ్ల క్రిందట ఆమె మామగారు కట్టించిన ఇల్లు. నూట యెనుబది గజముల స్థలము, వీథివైపున అరుగు, లోపల ఆకాశము కనబడు చదరపు ముంగిలి, దాని చుట్టును వసారా, టేకు దూలములు, డంగుసున్నపు గోడలు, షాబాదు బండల నేల, పెరటిలో నుయ్యి. మండువేసవిలోను ఆ నేలపై చాప పరచుకొన్నచో నిద్ర వచ్చును.

ఎనిమిది నెలలపాటు దలాలులు ఆ ఇంటిని చూపిరి. చూపిరనుట కంటె త్రొక్కిరనుట సరి. పెద్దమ్మగారు విస్తరి ముందు కూర్చున్నప్పుడే సెల్‌ఫోను మ్రోగును. అయిదు నిమిషములలో నలుగురు మగవారు చెప్పులతో ముంగిలిలో నుందురు. వంటయిల్లు చూతురు, పడకటిల్లు చూతురు, బీరువా తలుపునకు చేయి వేతురు. ఒక్కతెయే యున్న ముదుసలి యని అందఱికిని తెలిసిపోయెను. తుదకు వారనుమాట యొక్కటే: "ఇంట్ల ఏమున్నదమ్మా? పాతది, కూలగొట్టుడే. గజానికింత అని చెప్పుండ్రి." ఒక్కడైనను తలయెత్తి దూలములను చూచినవాడు లేడు. నెలనెలకును వారు చెప్పు ధర తగ్గుచు వచ్చెను. చాలకాలమునుండి అమ్ముడుపోని ఇంటికి ఏదో దోషమున్నదని లోకమనుకొనును గదా!

దసరా సెలవులలో కుమార్తె కూతురు వచ్చి ఈ యవస్థ చూచి, "అమ్మమ్మా, ఇక మీదట ఎవరును తలచినప్పుడు రారాదు. కావలసినవారు మొదట తెరపై చూతురు. నచ్చినవారందఱును ఒక్క ఆదివారము వత్తురు" అని చెప్పెను. ఆ పిల్ల చేసిన పనులే ఈ వ్యాసమునకు మూలము.

తెరపై గృహదర్శనము

దీనిని ఇంగ్లీషువారు వర్చువల్ టూరందురు. చుట్టును ఒక్కసారిగా చిత్రించు కెమెరా యొకటి కలదు. దానికి ముందొక కన్ను, వెనుకనొక కన్ను ఉండును. రెండు కన్నులు పట్టిన బొమ్మలను యంత్రము కుట్టి ఒక్క గుండ్రని బొమ్మగా జేయును. గది నడుమ దానిని కంటి యెత్తున నిలిపి, మనము ప్రక్కగదిలో దాగి, ఒక్కొక్క గదినిట్లు చిత్రించి, ద్వారములవెంట కలిపినచో, చూచువారు తమ యింట కూర్చుండి వ్రేలితో త్రోయుచు గది నుండి గదికి నడువవచ్చును. తలయెత్తి కప్పును, తలవంచి నేలను చూడవచ్చును. 1994లో ఇంగ్లండులోని డడ్లీ కోటలో, ఆ కోట 1550 ప్రాంతమున ఎట్లుండెనో అందు నడచుచున్నట్లు యంత్రముపై చూపిరి. వర్చువల్ టూరను మాటకు అదియే తొలి యుదాహరణముగా చెప్పుదురు. 2011లో అమెరికాలో వెలసిన మాటర్‌పోర్టను సంస్థ ఈ విద్యను ఇండ్ల యమ్మకమునకు విరివిగా వాడుకలోనికి దెచ్చెను. 2020 మార్చిలో మహమ్మారి మూలమున దేశమంతయు తలుపులు మూసుకొన్నప్పుడు మన నగరమందును ఇండ్లమ్మువారికి ఇది తప్పని సాధనమయ్యెను. 2022 జూలైలో గూగుల్ వారి వీథిదర్శనము భారతదేశమున పది నగరములలో ఆరంభమయ్యెను. అందు హైదరాబాదును ఒకటి. మన సాలార్‌జంగు మ్యూజియములోని వస్తువులను గూగుల్ వారి కళాప్రదర్శనమున ఇంటినుండియే చూడవచ్చును. కావున తెరపై చూచుట మనవారికిప్పుడు వింత గాదు.

దీనివలని ప్రయోజనములలో మొదటిది జల్లెడ పట్టుట. కొనువారిలో చాలమందికి ఇల్లు నచ్చకుండుటకు కారణము చిన్నదే యుండును: మెట్లు ఎత్తనియో, స్నానపుగది పెరటిలో నున్నదనియో, కారు నిలుప చోటు లేదనియో. ఆ సంగతులు తెరపైననే తెలిసినచో వారు రారు. మనకు విస్తరి ముందునుండి లేవవలసిన పని యుండదు.

రెండవది దూరదేశముల వారికి సౌలభ్యము. న్యూజెర్సీలో రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు మనకు వేసవిలో తెల్లవారి ఆరున్నర, చలికాలమున ఏడున్నర. ఆ వేళ ఇల్లు చూపుమని దలాలిని పంపుట సాధ్యమా? తెరపై బొమ్మకు రాత్రింబవళ్లు లేవు. పాతబస్తీలో పుట్టి గల్ఫు దేశములలో కొలువు చేయుచు, తల్లిదండ్రులకు తమ పేటలోనే ఒక యిల్లు కొనవలెనని కోరువారు పెక్కండ్రు.

మూడవది మన యాచారములకు సంబంధించినది. ఆషాఢమున, మూఢమున ఇల్లు చూడబోవుటకు మనవారు వెనుకాడుదురు. తెరపై చూచుటకు ఏ ముసలమ్మయు అడ్డు చెప్పదు. శ్రావణము రాగానే నేరుగా మాటలాడుకొనవచ్చును.

నాలుగవది, పాత యిండ్లకు ముఖ్యమైనది. దలాలి కొలిచేది గజములనే. కెమెరా దూలములను గూడ చూపును. మనుమరాలు ఆ యింటిని ఉదయమున, ముంగిలిలో ఎండపొడ పడు వేళ, కిటికీలన్నియు తెరచి, దీపములు వెలిగించి చిత్రించెను. ఆ యింట కాపురమున్న పెద్దమ్మగారే దానిని చూచి, "మన యిల్లింత బాగుండునా?" యని యాశ్చర్యపడిరి. చౌమహల్లా భవనము బాగుచేయబడి 2010లో యునెస్కో వారి గౌరవమును పొందెను. అది రాజుల సొత్తు. మన సందులలోని చిన్న యిండ్లకు అట్టి గౌరవము రాకున్నను, కూల్చకుండ కాపురముండదలచువాని కంటబడు అవకాశమైనను వానికి దొరకవలదా?

కెమెరా బాడుగకు దొరకనిచో సెల్‌ఫోనే చాలును. సందు మొగ నుండి మొదలిడి, గుమ్మము, ముంగిలి, గదులు, పెరడు, మిద్దె వరుసగా, ఫోనును అడ్డముగా పట్టుకొని, ఒక్కొక్క మూలకడ మూడు శ్వాసల కాలము నిలిచి, మెల్లగా నడువవలెను. నడుమ త్రుంచి అతికించినచో చూచువారికి అనుమానము కలుగును. దానితోపాటు ప్రతి గది పొడవు వెడల్పులు వ్రాసిన చేతిపటమొకటి జతపఱచవలెను. ఆ పటమే బొమ్మ యొక్క సత్యమునకు సాక్షి.

మయసభ

సాక్షి యెందులకందురా? భారతమున మయసభా వృత్తాంతము మనమందఱము చదివినదే. దుర్యోధనుడు స్ఫటికపు నేలను జూచి నీరనుకొని చీరచెఱగులెత్తుకొనెను. నీటిని జూచి నేలనుకొని మునిగెను. మూసిన ద్వారము తెరచియున్నదనుకొని నుదురు కొట్టుకొనెను. కన్నులు లేక గాదు. కన్నులను నమ్మి అట్లయ్యెను. తెరపై ఇల్లు చూచువారు ఆ కథను మఱవరాదు.

మేమొకసారి అద్దెయింటి కొఱకు బొమ్మలు చూచి మోసపోతిమి. బడిపంతుల ఇండ్లలో బదిలీ యన్నది పండుగవలె ఏటేట వచ్చునది గనుక, ఇల్లు చూడబోవుటకు సెలవు దొరకక, పంపిన బొమ్మలనే నమ్మి ఒకనెల బాడుగ ముందుగా పంపితిమి. తీరా సామాను బండితో పోయి చూడగా, బొమ్మలో విశాలముగా నున్న గదిలో మా మంచము వేయగా మనిషి నడువ చోటు లేదు. వెడల్పైన కన్నుగల కెమెరా దగ్గరి గోడలను దూరముగా చూపునని నాకప్పుడు తెలిసెను. ఆ సంవత్సరమంతయు మా పిల్లలు మంచముపైనుండి దుమికియే గది దాటెడివారు. ఆనాడు గది కొలతలడిగియుండిన ఈ యవస్థ తప్పెడిది.

తెర చూపలేనివి మఱికొన్ని కలవు. చెమ్మ వాసన తెరలో రాదు. మురుగునీరు ఎటు పాఱునో తెలియదు. కుళాయిలో నీరు ఎన్నాళ్లకొకసారి, ఏ వేళ వచ్చునో తెలియదు. సందులో ఆటో పట్టునో లేదో, అర్ధరాత్రి వ్యాధిగ్రస్తుని ఎట్లు తీసికొనిపోవలెనో తెలియదు. వానలో నీరెంత యెత్తున నిలుచునో బొమ్మ చెప్పదు. 1908 సెప్టెంబరులో మూసీ వఱద ఈ నగరమును ముంచిన కథ పెద్దలు చెప్పగా విన్నాము. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు ఇండ్లలో నీరు చొచ్చుట మనమే చూచితిమి. కావున తెరపై చూచుట ఏరుకొనుటకే గాని నిశ్చయించుకొనుటకు గాదు. ఇల్లును చూడక, పత్రములు చూడక, బొమ్మను నమ్మి బయానా పంపరాదు. ఒకరి యింటి బొమ్మలను తమ యింటివని చూపి సొమ్ము కాజేయు మోసగాండ్రును కలరు.

అమ్మువారికిని ఒక ధర్మము కలదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ననుసరించి, అమ్మువాడు తానెరిగినదియు, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేనిదియు నగు ముఖ్యదోషమును, అది ఇంటిలోనిదైనను హక్కులోనిదైనను, కొనువానికి చెప్పితీరవలెను. క్రొత్తగా కట్టి అమ్ము సంస్థలకు 2016 నాటి రెరా చట్టము ఇంకను గట్టి నిబంధన విధించినది. ప్రకటననో, నమూనా ఫ్లాటునో నమ్మి సొమ్ము కట్టినవారు, అందలి అబద్ధమువలన నష్టపోయినచో పరిహారము పొందవచ్చును. ఒప్పందము వ్రాసి రిజిస్టరు చేయకుండ ధరలో పదవ వంతునకు మించి ముందుగా పుచ్చుకొనరాదు. పాత ఇంటిని అమ్ముకొను మనవంటి గృహస్థులకు ఈ రెండవ చట్టము వర్తింపదు, మొదటిది వర్తించును. మనుమరాలు పడమటి గోడపైనున్న చెమ్మమచ్చను బీరువా చాటున దాచవచ్చును. దాచలేదు. బీరువాను జరిపి, ఆ మచ్చ యెదుట కెమెరా నిలిపెను. "ఇది కనబడిన ధర తగ్గదా?" యని పెద్దమ్మగారు అడుగగా, "తర్వాత కనబడిన బేరమే పోవును, అమ్మమ్మా" యనెను. నాకా మాట చాల నచ్చెను.

కౌటిల్యుడు చెప్పిన పద్ధతి

ఇక రెండవది, తలుపు తెరచిన గృహదర్శనము. ఒక దినమున నిర్ణీతమైన వేళల నడుమ కొనదలచినవారందఱిని రమ్మని ఇల్లు చూపుట. దీనిని అమెరికావారు ఓపెన్ హౌసందురు. ఇది విదేశపు వేడుక యని నవ్వువారు కలరు. కాని కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ యధికరణము చూచినచో వారికి నవ్వు రాదు. స్థలముగాని ఇల్లుగాని అమ్మునపుడు మొదట జ్ఞాతులకు, పిదప ఇరుగుపొరుగువారికి, ఆ పిదప అప్పిచ్చినవారికి కొను నవకాశమీయవలెననియు, పై వారు ఆ తర్వాతనే యనియు అతడు నియమించెను. చుట్టుపట్ల నలువది కుటుంబములవారు చేరియుండగా, ఆ ఇంటి యెదుటనే అమ్మకమును చాటవలెను. హద్దులు ఉన్నవి యున్నట్లు చెప్పవలెను. ఈ ధరకు కొనువారెవరని ముమ్మాఱు అడుగవలెను. ఎవరును అడ్డు చెప్పనిచో కొనువాడు కొనవచ్చును. పోటీవలన ధర పెరిగినచో ఆ పెరిగిన మొత్తము రాజు బొక్కసమునకు పోవునని గూడ కలదు. ఆ యొక్క నియమము నేడు లేకుండుట మన యదృష్టము! 1909లో మైసూరు పండితుడు శామశాస్త్రిగారు ఈ గ్రంథమును ప్రకటింపనిచో ఈ సంగతులు మనకు తెలిసియుండెడివి కావు.

నలువది కుటుంబముల యెదుట ఏల చాటవలెను? చాటుమాటు లేకుండుటకు. ఇంటిలో దోషముండిన పొరుగువాడు చెప్పును. హద్దులో తగవుండిన ఆ దినమే బయటపడును. అమ్ముడుపోయిన పిదప కోర్టులో బయటపడుట కంటె అమ్మకమునకు ముందు అరుగుమీద బయటపడుట ఎంత మేలు!

పెద్దమ్మగారి యింట అదియే జరిగెను. ఆదివారము పది గంటలకు తలుపు తెరచిరి. ముందు దినముననే ప్రక్క యింటివారికిని, వెనుక యింటివారికిని చెప్పియుంచిరి. తెరపై చూచి నచ్చినదన్న తొమ్మిది కుటుంబములవారు సాయంకాలము లోపల వచ్చిరి. మధ్యాహ్నము ప్రక్కయింటి బేగంగారు పలుకరించుటకై వచ్చి, పడమటి గోడ కడ నిలిచి, "ఆపా, ఇది మన ఇద్దరి గోడ గదా, పత్రములో వ్రాసినారా?" యని యడిగిరి. వ్రాయలేదు. నలువదియేండ్ల క్రిందట ఇరువురి భర్తలు నోటిమాటతో సగము సగము ఖర్చు పెట్టి ఎత్తించిన గోడ యది. చెమ్మకు కారణము ఆవలివైపునున్న నీటితొట్టి యనియు ఆనాడే తేలెను. బేగంగారు తొట్టిని జరిపించిరి. ఉమ్మడి గోడయని ఇరువురును ఒక కాగితము వ్రాసికొనిరి. ఇది తేలకయే అమ్మకము జరిగియుండినచో, క్రొత్తగా వచ్చినవారు ఆ గోడ పడగొట్టబోవుటయు, తరతరముల స్నేహము కోర్టుకెక్కుటయు తప్పెడివి కావు. దలాలులు ఎనిమిది నెలలలో కనుగొననిది పొరుగింటి యిల్లాలు ఒక్క నిమిషములో చెప్పెను.

తలుపు తెరచు దినమున

ఈ పద్ధతిలో అపాయములును లేకపోలేదు. కొనుటకు గాక ఊరక చూచుటకు వచ్చువారుందురు. చూచుటకు గాక కనిపెట్టుటకు వచ్చువారును ఉందురు. కావున ఈ క్రింది జాగ్రత్తలు గృహిణులు పాటింపవలెను.

వచ్చువారు ముందుగా పేరును, ఫోను నంబరును చెప్పి వేళ నిర్ణయించుకొనవలెను; గుమ్మము కడ ఒక పుస్తకములో వ్రాసి లోనికి రావలెను. ఒక్క ద్వారమునే తెరచి యుంచవలెను. ఇంటివారు ఒక్కరుండరాదు, ముంగిలిలో నొకరు, లోపల నొకరు బంధువులుండవలెను. నగలు, వెండి, బ్యాంకు పుస్తకములు, మందులు ముందు దినముననే వేఱుచోటికి చేర్పవలెను. అసలు దస్తావేజులు చూపరాదు, నకళ్లు చాలును. పూజగదిని గడప కడనుండి చూపిన చాలును. మఱియొక మాట: వచ్చినవారికెల్ల కాఫీ లిచ్చుచు వంటయింటనే మ్రగ్గవలసిన పని లేదు. మంచినీళ్ల కుండ నొకటి వసారాలో నుంచిన మర్యాదకు లోపము రాదు. ఇంటిని గూర్చి యెక్కువ తెలిసినది ఇల్లాలే గనుక ఆమె ముంగిలిలోనే యుండవలెను.

పాతబస్తీలో దినమును జూచి పెట్టుకొనవలెను. శుక్రవారము మధ్యాహ్నము మక్కా మసీదు వైపు త్రోవలు క్రిక్కిఱిసి యుండును. ఆషాఢమున లాల్‌దర్వాజ బోనాల ఆదివారము ఆ చుట్టుప్రక్కల బండి కదలదు. కారు సందులోనికి రాదు గనుక ఎచట నిలుపవలెనో ముందే తెలుపవలెను.

తెరపై చూపునపుడును ఇట్టి మెలకువయే కావలెను. గోడమీది పిల్లల ఫోటోలు, చదువు సర్టిఫికెట్లు, తాళముల గుత్తి, బీరువా, ఇంటి నంబరు చిత్రములో పడరాదు. వీథిలోని దొంగకు ఒక్క సారియే చూడ వీలగును. తెరపైని దొంగకు వేయి మారులు చూడ వీలగును. కావున బొమ్మలను అడిగినవారికే పంపుట మేలు. ఇల్లు అమ్ముడుపోయిన నాడే వానిని తొలగించుట తప్పనిసరి. కొన్నవారి యింటి లోపలి రూపమును లోకమున కాడుచుండనిచ్చుట మర్యాద గాదు.

కాగితములును చూపవలెను

గోడలను చూపినంత మాత్రమున ఇల్లు చూపినట్లు గాదు. హక్కును గూడ చూపవలెను. తెలంగాణ రిజిస్ట్రేషను శాఖవారి యంతర్జాలమున 1983 నుండి నమోదైన లావాదేవీలకు ఈసీ, అనగా ఋణభార పత్రము, చూచుకొనవచ్చును. అంతకు పూర్వపు సంగతులకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున అడుగవలెను. చార్మినారు ప్రక్కగా మహాత్మాగాంధీ బస్‌స్టేషను నుండి మొదలగు పాతబస్తీ మెట్రో రైలు మార్గమునకు 2024 మార్చిలో ఫలక్‌నుమాయందు శంకుస్థాపన జరిగెను. అట్టి మార్గముల కొఱకును, వీథి వెడల్పు కొఱకును ఇంటిలో కొంత భాగము పోవలసి యున్నదేమో విచారించి, ఉన్నచో ఆ గీతను గూడ చేతిపటమున చూపవలెను.

స్త్రీలు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. పెద్దమ్మగారి భర్త వీలునామా వ్రాయకయే గతించిరి. ఆ యిల్లు ఆయన సొంత ఆస్తి గనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చొప్పున భార్యకును, కుమారునకును, కుమార్తెకును సమభాగములు. ఉమ్మడి యాస్తిలో సైతము కుమార్తెకు కుమారునితో సమమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుండి, అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకు, కల్పించెను. 2005లో దేశమంతటను ఆ హక్కు వచ్చెను. అది పుట్టుకతోనే కలుగునని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పెను. అయినను దలాలులు "కొడుకు సంతకముంటే చాలు" అని చెప్పుచునే యుందురు. పెద్దమ్మగారు దానికి లోబడక, కుమారునినుండి విదేశమున యథావిధిగా వ్రాయించిన అధికారపత్రమును తెప్పించి, కుమార్తెను పిలిపించి, మూడు సంతకములును ఉండునని తలుపు తెరచిన దినముననే అందఱితో చెప్పిరి. కొనువారికి నమ్మకము కలిగిన దచ్చటనే.

ఫలితము

ఆ యిల్లు కొన్నది లాల్‌దర్వాజకు చెందిన కుటుంబము. కుమారుడు దుబాయిలో నుండి తెరపై చూచెను. తల్లి ఆదివారము వచ్చి చూచెను. ఆమె గదులు త్వరగా చూచి, నుయ్యి మెల్లగా చూచి, అరుగుపై కూర్చుండి, "ఇక్కడ సాయంకాలము గాలి ఎటునుండి వచ్చును?" అని యడిగెను. అట్టి ప్రశ్నకు తెర జవాబు చెప్పలేదు, పెద్దమ్మగారు చెప్పిరి. గోడ సంగతియు చెమ్మ సంగతియు విని ఆమె ధర తగ్గింపుమని యడుగలేదు; బాగు చేయించిన తాపీవాని పేరడిగెను. దలాలులు చెప్పిన ధరకంటె మెరుగైన ధరకే బేరము కుదిరెను. ఇల్లు కూలలేదు.

ఇది ఎల్లవారికిని ఇట్లే జరుగునని నేను చెప్పజాలను. ధరను నిర్ణయించునది స్థలము, సందు, కాలము. కాని ఈ రెండు పద్ధతులు కలిసినచో కొన్ని కీడులు తొలగును. వేళకాని వేళ పరాయివారు గుమ్మము త్రొక్కుట తగ్గును. ఒక్క దలాలి నోటిమాటయే ధర కాకుండును. దోషములు ముందే తెలియును. తెర ఏరుటకు, కన్ను నిశ్చయించుటకు, కాగితము సొమ్ము చెల్లించుటకు. ఈ మూటిలో దేని పని దానిదే. ఒకదానిని మఱియొకదానికి మాఱుగా వాడరాదు.

తుదకొక మాట. భవభూతి ఉత్తరరామచరిత్రమున మొదటి యంకములో, తమ పూర్వకథను చిత్రించిన పటములను లక్ష్మణుడు చూపగా సీతాదేవి చూచి, ఆ యడవులను మరల చూడవలెనని కోరుకొనును. అమ్మకము ముగిసి, తెరపైని బొమ్మలనన్నిటిని తొలగించునపుడు, మనుమరాలు ఒక ప్రతిని మాత్రము, కొన్నవారి యనుమతితో, అమ్మమ్మ ఫోనులో నుంచెను. మొన్న కరీంనగరము పోయినప్పుడు చూచితిని. సాయంకాలము దీపము పెట్టిన పిదప పెద్దమ్మగారు కుర్చీలో కూర్చుండి, వ్రేలితో మెల్లగా త్రోయుచు, గుమ్మము దాటి, ముంగిలి దాటి, నూతి గట్టు వఱకు పోయి నిలిచిరి. "నేల చల్లదనము మాత్రము రాదు బిడ్డా" అని నవ్విరి. తెర యెంతవఱకు చూపునో, ఎచట నిలిచిపోవునో, నాకంటె ఆమెయే చక్కగా చెప్పినారు.